మామ్మ నగల డబ్బాలో ఆకు

చిన్నప్పుడు మా మామ్మ నగల డబ్బాలో ఒక బుల్లి ఆకు ఉండేది. చింతగింజ కన్నా కొంచెం పొడుగు. అంచులు వంకర టింకరగా, నడుమ ఈనెతో, వెనకాల ముళ్ళలాంటి రెండు కాళ్ళతో ఉండేది. విరిగిపోయిన దుద్దు ముక్క అనుకునేది మామ్మ. ఒకసారి కంసాలికి చూపిస్తే గీటురాయి మీద గీసి చూసి, "ఇది కంచు అమ్మా, దీనికేం రాదు" అని తిరిగిచ్చేశాడట. అయినా పారెయ్యలేదు. మామ్మ ఏదీ పారేసే మనిషి కాదు.

అదేమిటో తెలిసేసరికి నాకు నలభై అయిదేళ్ళు వచ్చాయి. తెలుసుకోవడానికి తిరిగిన తిరుగుడు మాత్రం మూడేళ్ళు.

మా తాత రెండో ప్రపంచ యుద్ధంలో లారీ డ్రైవరు. మాది విజయనగరం జిల్లాలో బొబ్బిలి వైపు పల్లె. పశ్చిమ గోదావరిలో మాధవరం అని ఉంది, తరతరాలుగా ఇంటింటి నుంచీ మిలటరీకి వెళ్ళే ఊరు. మా ఊరు అలాంటిది కాదు. మా దగ్గర్నుంచి యుద్ధానికి వెళ్ళింది ఇద్దరో ముగ్గురో. అందుకని ఆయన చెప్పేది అర్థం చేసుకునేవాళ్ళు గానీ, అవునని తలాడించేవాళ్ళు గానీ చుట్టుపక్కల లేరు. యుద్ధం గురించి మేం అడిగితే ఎప్పుడూ నాలుగే ముక్కలు చెప్పేవాడు: "లిబియాలో పట్టేసుకున్నారు. ఇటలీలో మేకరోనీ పెట్టేరు. ఫ్రాన్సులో గోడ పడిపోయింది, పరిగెట్టేం. సుజర్లాండులో మంచు." ఇంకేదైనా అడిగితే, "ఏటుంది గుంటా సెప్పడానికి, ఒకావిడ పాలిచ్చింది, తాగేం, నడిసేం" అని తువ్వాలు దులుపుకుని లేచిపోయేవాడు.

ఆయనది ఇంకో వింత ఉండేది. అది పొయ్యి. రెండు డాల్డా డబ్బాలు, ఒక కొయ్య పలక, తిప్పడానికి చిన్న చక్రం. చక్రానికీ డబ్బాలోని రేకు పంకాకీ మధ్య పురికొస బెల్టు. చక్రం తిప్పితే పంకా గిర్రున తిరిగి, పలక కింద గొట్టంలోంచి గాలి రెండో డబ్బాలోకి కొట్టేది. నాలుగు ఎండు పుల్లలూ గుప్పెడు కొబ్బరిపీచూ వేస్తే చెంబుడు నీళ్ళు కళ్ళముందే తెర్లిపోయేవి. పొగ కూడా పెద్దగా ఉండేది కాదు. చక్రం ఎవరు తిప్పాలని మా అన్నా నేనూ కొట్టుకునేవాళ్ళం. మామ్మ మాత్రం దాని మీద ఎప్పుడూ ఏమీ వండలేదు. "కేంపు పొయ్యి" అనేది దాన్ని. ఏ కేంపో మేం అడగలేదు. తాత తెలివి మీద మాకు చాలా గర్వంగా ఉండేది, ఆయనే కనిపెట్టాడనుకుని.

1990లో ఆయన పోయారు. నాకప్పుడు పన్నెండేళ్ళు.

2021లో ఊళ్ళో ఇల్లు అమ్మేస్తున్నప్పుడు ఆయన ట్రంకు పెట్టె నా వాటాకి వచ్చింది. వాటా అంటే ఎవరూ వద్దన్నారు, నేను తెచ్చుకున్నాను. లోపల డిశ్చార్జి బుక్కు ఉంది గానీ చెదలు తినగా అట్టా, రెండు కాగితాలూ మిగిలాయి. పొగాకు డబ్బాలో మూడు పతకాలు. రెండు ఆరు కోణాల నక్షత్రాలు, ఒకటి గుండ్రటిది. ఒక నక్షత్రానికి రిబ్బను ఇంకా ఉంది, ఇసక రంగు, నడుమ ఎర్ర చార, ఒక పక్క ముదురు నీలం, ఇంకో పక్క లేత నీలం. అది ఆఫ్రికా స్టార్ అనీ, ఉత్తర ఆఫ్రికా యుద్ధంలో ఉన్నవాళ్ళకి ఇచ్చేవారనీ తెలుసుకోవడానికి పది నిమిషాలు పట్టలేదు. గుండ్రటిది వార్ మెడల్, దాని మీద రెండు తలల డ్రాగన్‌ని తొక్కి నిలబడ్డ సింహం. అంచు చుట్టూ భూతద్దం పెడితే తప్ప కనపడని అక్షరాల్లో ఒక నంబరు, తాత పేరు, ఆర్.ఐ.ఎ.ఎస్.సి. అంటే రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్. ఇంగ్లండు సైనికులకి ఇవే పతకాలు పేరు చెక్కకుండానే ఇచ్చారట. మనవాళ్ళకి పేరు వేసి ఇచ్చారు. ఆ ఒక్క విషయంలో తెల్లదొరలకి దండం పెట్టాలి, ఆ నంబరే లేకపోతే నా కథ అక్కడే ఆగిపోయేది.

నేను బ్యాంకులో పని చేస్తాను. ఫారాలు నింపడం, సంతకాలు సరిచూడడం నాకు కొత్త కాదు. అందుకని ఇదెంత అనుకున్నాను. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల పోస్టల్ ఆర్డరు జతచేసి, పతకం అంచు ఫోటో తీసి, ఒక రికార్డ్స్ ఆఫీసుకి దరఖాస్తు పెట్టాను. అక్కణ్ణుంచి ఇంకో ఆఫీసుకి పంపామని ఉత్తరం. అక్కణ్ణుంచి జవాబు, ఈ పేరుతో ఈ జిల్లాలో ఎవరూ లేరని.

తప్పు నాదే. విజయనగరం జిల్లా అని రాశాను. మా జిల్లా పుట్టింది 1979లో. తాత భర్తీ అయిన రోజుల్లో ఇదంతా వైజాగపటం జిల్లా, మద్రాసు రాజధాని. పేరు సంగతి ఇంకా దారుణం. మా వైపు సగం మందికి ఉండే పేరే ఆయనది, చివర 'స్వామి'. ఆ స్వామిని ఇంగ్లీషులో ఒక గుమాస్తా వై పెట్టి రాస్తే, ఇంకొకడు ఐ పెట్టాడు, పతకం చెక్కినవాడు డబ్ల్యూ ఎగ్గొట్టేశాడు. ఇంటిపేరు ఎక్కడా లేదు. మళ్ళీ పెట్టాను, ఈసారి నాలుగు రకాల స్పెల్లింగులూ రాసి.

నలభై రోజుల తరవాత జవాబు వచ్చింది. పెన్షన్ లేకుండా వెళ్ళిపోయినవాళ్ళ సర్వీసు కాగితాలు 25 ఏళ్ళు మాత్రమే ఉంచుతామనీ, గడువు దాటాక నాశనం చేసేశామనీ. కింద సంతకం, స్టాంపు. ఆ కాగితం చేతిలో పట్టుకుని కౌంటర్లో కూర్చున్నాను, ఏడుపు రాలేదు గానీ ఆ రోజు రెండుసార్లు క్యాష్ తప్పు లెక్కపెట్టాను.

దారి దొరికింది నవంబరులో. నవంబరు అంటే పెన్షనర్లు లైఫ్ సర్టిఫికెట్లు ఇవ్వడానికి వచ్చే నెల, బ్యాంకు సంతలా ఉంటుంది. వాళ్ళలో ఒక రిటైర్డ్ సుబేదారు గారు ఏటా వస్తారు. వేలిముద్ర మిషను మొరాయిస్తుంటే మాటల్లో పెట్టడానికి తాత సంగతి చెప్పాను. ఆయన నవ్వి, "కాగితాలు తగలబెట్టినా లాంగ్ రోల్ తగలబెట్టరమ్మా. అది అడుగు" అన్నారు. భర్తీ అయిన ప్రతివాడికీ ఒక్క వరస ఉండే పెద్ద రిజిస్టరట అది. మనిషి మొత్తం సర్వీసు ఒక్క వరసలో.

అప్పీలు పెట్టాను. లాంగ్ రోల్ నకలు వచ్చింది. జిరాక్సుకి జిరాక్సు, సగం నల్లగా ఉంది. భర్తీ 1940. డిశ్చార్జి 1946. చివరి గడిలో నలుగురు గుమాస్తాల చేతిరాత: 21-6-42న మిస్సింగ్. కింద, ప్రిజనర్ ఆఫ్ వార్. దాని కింద, ఎస్కేప్డ్ టు స్విట్జర్లాండ్. అన్నిటికన్నా కింద, వేరే సిరాతో, ఎం.ఐ.డి.

1942 జూన్ 21 అంటే లిబియాలో తోబ్రుక్ కోట జర్మన్ సేనాని రోమెల్ సేనలకి లొంగిపోయిన రోజు. ముప్ఫై వేల మందికి పైగా ఒక్కరోజులో ఖైదీలయ్యారు. ఆ గుంపులో మా తాతా ఆయన లారీ. ఎం.ఐ.డి. అంటే ఏదో డిపార్టుమెంటు అనుకున్నాను. బదిలీ చేశారేమో అనుకుని దాన్ని పట్టించుకోలేదు కూడా.

స్విట్జర్లాండు మాట దొరికాక జెనీవాలో రెడ్‌క్రాస్ వాళ్ళ దగ్గర యుద్ధఖైదీల కార్డులు ఇప్పటికీ ఉంటాయని చదివి అక్కడ ప్రయత్నించాను. వాళ్ళు ఏడాదిలో కొన్ని రోజులే దరఖాస్తులు తీసుకుంటారు, కోటా నిండగానే ఫారం మూసేస్తారు. మొదటిసారి నేను తాత తండ్రి పేరు స్పెల్లింగు ఆలోచిస్తుండగా మూసేశారు. తత్కాల్ టికెట్ పోయినప్పటి బాధే. రెండోసారి అన్నీ ముందే టైపు చేసి పెట్టుకుని, సెలవు పెట్టి కూర్చున్నాను. జవాబుకి నెలలు పట్టింది. వచ్చిన కాగితంలో ఇటలీలో ఒక కేంపు, తరవాత జర్మనీలో ఒకటి, ఆఖరికి ఫ్రాన్సులో ఎపినాల్.

తాత నోట ఆ మాట ఒక్కసారి కూడా వినలేదు. లేదా 'పినాలు' అన్నది నేనే ఏ ఫినాయిలో అనుకుని వదిలేశానేమో.

ఎపినాల్ తూర్పు ఫ్రాన్సులో వోజ్ కొండల పక్కనున్న ఊరు. ఉత్తర ఆఫ్రికాలో పట్టుబడిన భారతీయ ఖైదీలను జర్మన్లు మూడు వేల మంది దాకా అక్కడి పాత సైనిక బారకాసుల్లో పెట్టారు. సిక్కులు, మరాఠాలు, పంజాబీ ముస్లిములు, గూర్ఖాలు, రాజపుత్రులు, మద్రాసీలు. 1944 మే 11న అమెరికన్ విమానాలు ఆ ఊరి రైల్వే యార్డు మీద బాంబులు వేయడానికి వచ్చాయి. కొన్ని కేంపు మీదే పడ్డాయి. చాలామంది ఖైదీలు అక్కడికక్కడే చనిపోయారు. గోడలు కూలాయి. మిగిలినవాళ్ళు ఆ సందుల్లోంచి అడవిలోకి పరుగెత్తారు. "గోడ పడిపోయింది, పరిగెట్టేం." ఆ రెండు మాటలూ తెర మీద ఇంగ్లీషులో చదువుతూ నేను తాత గొంతులో విన్నాను.

స్విస్ సరిహద్దుకి వంద కిలోమీటర్ల పైనే నడక. పగలు చెట్లలో పడుకోవడం, రాత్రి నడవడం. భాష రాదు, మ్యాపు లేదు, ఒంటి మీద ఖైదీ బట్టలు, ఆ దేశంలో ఎక్కడా దాక్కోలేని ఒంటి రంగు. అయినా దగ్గర దగ్గర 500 మంది స్విట్జర్లాండు చేరారు. ఆ యుద్ధంలో ఖైదీలు ఒకేసారి ఇంతమంది తప్పించుకుని క్షేమంగా బయటపడ్డ సంఘటనలు చాలా అరుదు. మన పాఠ్యపుస్తకాల్లో ఒక్క వాక్యం లేదు, నేను డిగ్రీలో హిస్టరీ చదివినదాన్నే.

వాళ్ళను దాటించింది దారి పొడుగునా ఉన్న ఫ్రెంచి పల్లెల వాళ్ళు. సిక్కయినా ముస్లిమయినా మా తాతయినా వాళ్ళకి అందరూ 'ఇందూ'లే. గడ్డివాముల్లో దాచారు, రొట్టె పెట్టారు, పక్క ఊరి దాకా దారి చూపించారు. అలాంటి ఊళ్ళలో ఎతోబోన్ ఒకటి. అదే ఏడాది సెప్టెంబరు 27న జర్మన్ సేనలు ఎతోబోన్ మగవాళ్ళను 39 మందిని పక్క ఊరి చర్చి గోడ దగ్గర నిలబెట్టి కాల్చేశాయి. తమను ఎదిరించే ఫ్రెంచి ప్రతిఘటన దళాలకు సాయం చేశారని కోపం. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒకావిడ పాలిచ్చింది, తాగేం, నడిసేం. ఏ ఊరో ఏమో.

ఖైదీల కేంపుల గురించి చదువుతుంటే ఒకచోట పొయ్యి బొమ్మ కనపడింది. రేకు డబ్బాలు, పలక, చక్రం, బెల్టు. రెడ్‌క్రాస్ పార్సెళ్ళలో వచ్చే పాలపొడి డబ్బాలతో ఖైదీలు చేసుకునేవారట, ఉన్న పిడికెడు పుల్లల్తో ఏదో ఒకటి వేడి చేసుకోవడానికి. లండన్‌లో ఇండియన్ కంఫర్ట్స్ ఫండ్ అని ఉండేది, వాళ్ళు మన ఖైదీల కోసం పప్పు, ఆటా, కూర మసాలా పెట్టి పార్సెళ్ళు పంపేవారట. ఆ పప్పు ఉడికింది అలాంటి పొయ్యి మీదే అయ్యుంటుంది. మా అన్నకి ఫోను చేసి చెబితే, ఒక నిమిషం ఏమీ మాట్లాడకుండా, "అయితే తాత కనిపెట్టలేదన్నమాట" అన్నాడు. వాడికి అదీ బాధ.

ఇక్కడ ఇంకో ముడి ఉంది, దాన్ని నేను విప్పలేకపోయాను. జర్మనీలో సుభాష్ చంద్ర బోస్ ఈ ఖైదీల్లోంచే ఫ్రీ ఇండియా లీజియన్ అని దళం కట్టారు. మూడు వేల మంది దాకా చేరారు. ఇంకా ఎన్నో వేల మంది చేరలేదు. తాత చేరలేదు. కానీ మా ఇంట్లో నడవాలో నేతాజీ క్యాలెండరు బొమ్మ ఫ్రేము కట్టించి పెట్టింది తాతే. నాన్న కుర్రతనంలో అడిగాట్ట, అంత భక్తి ఉంటే ఎందుకు చేరలేదని. "సేరినోళ్ళకి బిస్కట్లు ఎక్కువ పెట్టీవోరు" అని నవ్వేశాడట. దాన్ని ఎలా తీసుకోవాలో నాన్నకి ఇప్పటికీ తెలీదు. ఉప్పు తిన్న విశ్వాసమా, భయమా, వట్టి మొండితనమా. మేం ముగ్గురం మూడు రకాలుగా అనుకుంటాం. నాకు మొండితనమనిపిస్తుంది, నాలోనూ అదే ఉంది కాబట్టి.

ఊళ్ళో మాత్రం లెక్క తేలిగ్గా తేల్చేశారు. 1972లో, స్వాతంత్ర్యం వచ్చి 25 ఏళ్ళయినప్పుడు సమరయోధులకి తామ్రపత్రాలు ఇచ్చారు కదా, మా ఊళ్ళోనూ ఒక పెద్దాయనకి వచ్చింది. అది న్యాయమే. ఆ తరవాత ఒక ఆగస్టు పదిహేనుకి తాత కూడా పతకాలు పెట్టుకుని బడికి వెళ్ళాడట. "తెల్లోడి బిళ్ళలు పెట్టుకొచ్చినాడు" అని ఎవరో అన్నారు. ఇంటికొచ్చి తీసేసి పొగాకు డబ్బాలో పడేశాడు. మళ్ళీ పెట్టుకోలేదు. నాన్నకి ఆ రోజు బాగా గుర్తు. తాత పోయాక, యుద్ధంలో పనిచేసిన పెన్షన్ లేనివాళ్ళ భార్యలకి ప్రభుత్వం నెలనెలా సాయం ఇస్తుందంటే మామ్మ అర్జీ పెట్టుకుంది. డిశ్చార్జి బుక్కు పూర్తిగా లేదని వెనక్కి పంపేశారు. పతకాలు చూపిస్తే, ఇవి బజార్లో కూడా దొరుకుతాయన్నాడట ఒక గుమాస్తా. మామ్మ మళ్ళీ ఆ మెట్లెక్కలేదు. 2003లో పోయింది.

ఎం.ఐ.డి. సంగతి చెప్పలేదు కదూ. అది డిపార్టుమెంటు కాదని చెప్పింది కూడా ఆ సుబేదారు గారే, మరుసటి నవంబరులో. మెన్షన్డ్ ఇన్ డెస్పాచెస్. సేనాధిపతి పైవాళ్ళకి పంపే నివేదికలో ఫలానా మనిషి ధైర్యంగా పనిచేశాడని పేరు రాయడం. దానికి వేరే పతకం ఉండదు. లండన్ గెజెట్‌లో పేరు అచ్చవుతుంది. "పతకం లేకపోతే మరి గుర్తేమిటండీ?" అని అడిగాను. "వార్ మెడల్ రిబ్బను మీద చిన్న ఆకు పెట్టుకోనిస్తారమ్మా. ఓక్ చెట్టు ఆకు. కంచుది."

వేలిముద్ర మిషను పచ్చలైటు వెలిగింది, ఆయన వెళ్ళిపోయారు, తరవాతి పెన్షనరు వచ్చి కూర్చున్నారు. నేను ఇంకా ఆ మాట దగ్గరే ఉన్నాను.

ఇంటికెళ్ళి గుండ్రటి పతకానికి వేలాడుతున్న రిబ్బను పీలిక తీసి దీపానికి అడ్డం పెట్టి చూశాను. ఎరుపు, నీలం, తెలుపు చారల మధ్య సూది బెజ్జాలంత రెండు కన్నాలు, వాటి చుట్టూ పచ్చటి చిలుము. అప్పుడు పార్వతీపురంలో ఉన్న మా అత్తకి ఫోను చేశాను. మామ్మ నగల డబ్బా ఆమెకే వెళ్ళింది.

"అత్తా, అందులో చిన్న ఆకు ఉండాలి."

"ఉందే. మారేడు దళం కదా అది. శివుడి పటం దగ్గర పెట్టీసేను."

ఇరవై ఏళ్ళుగా ప్రతి సోమవారం మా అత్త దానికి బొట్టు పెడుతోంది. మర్నాడే బస్సెక్కి వెళ్ళాను. ఆకు ఈనెల నిండా కుంకుమ పట్టేసి ఉంది. కడగబోతే అత్త ఒప్పుకోలేదు. ఆమెను ఒప్పించడానికి రికార్డ్స్ ఆఫీసుకన్నా ఎక్కువ కష్టపడ్డాను, ఆఖరికి ఒక వెండి మారేడు దళం కొనిస్తానంటే ఇచ్చింది. వెనక కాళ్ళు రెండూ రిబ్బను మీది కన్నాల్లో సరిగ్గా కూర్చున్నాయి.

గెజెట్ పాత సంచికలు ఆన్‌లైన్‌లో ఉచితంగానే చూడొచ్చు. వై, ఐ, డబ్ల్యూ లేనిదీ, అన్నీ వేసి వెతికితే నంబరుతో సహా దొరికింది. వందల పేర్ల మధ్య ఒక్క లైను. ఏం చేసినందుకో ఆ లైను చెప్పదు. తప్పించుకున్నందుకా, దారిలో ఇంకెవరినైనా దాటించినందుకా, తెలీదు. వివరం రాసిన సిఫార్సు కాగితం కోసం లండన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్ జాబితాలు వెతికాను, ఆయనది కనపడలేదు.

ఈ కాగితాలన్నీ ఫైలు కట్టి మాజీ సైనికుల సంగతులు చూసే ఒక ఆఫీసుకి తీసుకెళ్ళాను. డబ్బు కోసం కాదు, తీసుకోవడానికి ఎవరూ మిగల్లేదు కూడా. గోడ మీద సాహస పురస్కారాలు పొందినవారి బోర్డు ఉంటుంది కదా, అందులో పేరు రాయిద్దామని. అక్కడి ఆయన మర్యాదగానే మాట్లాడారు, టీ ఇప్పించారు, ఫైలు మొత్తం తిప్పారు. "ఇది బ్రిటిష్ వాళ్ళదమ్మా. మా లిస్టులో ఈ కేటగిరీ లేదు" అన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. అదే నాకు బాధ. కోపం తెచ్చుకోవడానికి కూడా ఎవరూ దొరకలేదు.

ఆదివారం నాన్న దగ్గరకు తీసుకెళ్ళాను. ఆయనకి డెబ్బై ఆరు. పతకం చేతిలోకి తీసుకుని ఆకును బొటనవేలితో తడిమారు. లాంగ్ రోల్ నకలు, జెనీవా కాగితం, గెజెట్ లైను ఒక్కొక్కటే చదివి వినిపించాను. ఎతోబోన్ సంగతి కూడా చెప్పాను. మధ్యలో ఏమీ అడగలేదు. అంతా అయ్యాక కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ,

"పాలిచ్చినావిడ పేరు దొరికిందా?" అన్నారు.

"లేదు నాన్నా."

"ఎక్కడా రాయలేదా?"

"ఎక్కడా లేదు."

ఊఁ అని పతకాన్ని మళ్ళీ పొగాకు డబ్బాలో పెట్టబోయి ఆగి, దాన్ని చొక్కా జేబులో వేసుకున్నారు.